బనానా పుడ్డింగ్

బనానా పుడ్డింగ్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలో, ముఖ్యంగా అక్కడి దక్షిణాది రాష్ట్రాలలో ప్రసిద్ధి చెందిన తీపి వంటకం. పాలు, గుడ్డు పచ్చసొన, పంచదార, పిండి కలిపి కాచిన చిక్కని కస్టర్డ్‌ను, అరటిపండు చక్రాలను, వెనిల్లా బిస్కట్లను లోతైన పాత్రలో పొరలు పొరలుగా పేర్చి, పైన తెల్లసొన నురుగు గాని, గిలక్కొట్టిన మీగడ గాని పరచి దీనిని తయారుచేస్తారు. కుటుంబ సమ్మేళనాలలోను, చర్చి విందులలోను, బార్బెక్యూ భోజనశాలలలోను ఇది తరచు కనిపిస్తుంది. మరణం సంభవించిన ఇంటికి ఇరుగుపొరుగువారు వండి తెచ్చే వంటకాలలో కూడా ఇది ఒకటి.

దుకాణంలో దొరికే తక్షణ మిశ్రమాలు వాడకుండా కస్టర్డ్‌ను ఇంట్లోనే కాచి చేసే విధానాన్ని "పాతకాలపు" బనానా పుడ్డింగ్ అంటారు. ఈ వ్యాసంలో ప్రధానంగా ఆ విధానమే వివరించబడింది. అయితే ఈ విశేషణాన్ని కొంత సవరించుకొని అర్థం చేసుకోవాలి. ఈ వంటకంలోని అరటిపండు మొదటినుండీ ఓడలో దిగుమతి అయినదే. బిస్కట్ కర్మాగారంలో తయారై పెట్టెలో వచ్చినదే. వంటవారి చేతిలో నిజంగా తయారయ్యేవి కస్టర్డ్, నురుగు మాత్రమే. వంటకం బాగోగులు కూడా ఆ రెండింటిపైనే, వాటిలోను ముఖ్యంగా కస్టర్డ్‌పైనే ఆధారపడి ఉంటాయి.

పేరు

"పుడ్డింగ్" అనే మాటకు బ్రిటన్‌లో అర్థం విస్తృతం. అక్కడ భోజనానంతరం తినే తీపి పదార్థాలన్నిటినీ ఆ పేరుతో పిలుస్తారు. ఆవిరిపై ఉడికించిన రొట్టె వంటి వంటకాలకు, కొన్ని మాంసపు వంటకాలకు కూడా అదే పేరు. అమెరికాలో మాత్రం ఈ మాట సాధారణంగా పాలతో చేసిన చిక్కని, మెత్తని తీపి పదార్థాన్ని సూచిస్తుంది. తెలుగువారికి పరిచయమైన "ఫ్రూట్ కస్టర్డ్" దీనికి దగ్గరి చుట్టమే గాని రెండూ ఒకటి కావు. మన ఇళ్ళలో వాడే కస్టర్డ్ పొడి ప్రధానంగా మొక్కజొన్న పిండి, రంగు, సువాసనల మిశ్రమం. అందులో గుడ్డు ఉండదు. ఈ పొడిని 1837లో ఇంగ్లండుకు చెందిన ఆల్ఫ్రెడ్ బర్డ్, గుడ్డు పడని తన భార్య కోసం రూపొందించాడు. పాతకాలపు బనానా పుడ్డింగ్‌లోని కస్టర్డ్‌కు రంగు, రుచి రెండూ పచ్చసొన నుండే వస్తాయి.

చరిత్ర

పంతొమ్మిదవ శతాబ్దం చివరి వరకు అమెరికాలో అరటిపండు అరుదైన వస్తువు. 1870లో లొరెంజో డౌ బేకర్ అనే ఓడ నాయకుడు జమైకా నుండి 160 అరటి గెలలను న్యూజెర్సీ తీరానికి తెచ్చి లాభానికి అమ్మాడు. 1876లో ఫిలడెల్ఫియా నగరంలో జరిగిన శతవార్షిక ప్రదర్శనలో చాలామంది అమెరికన్లు అరటిపండును మొదటిసారిగా చూశారు. ఆవిరి ఓడలు, రైలు మార్గాలు, మంచుగడ్డలతో చల్లబరచిన రైలు పెట్టెలు వచ్చిన తరువాత ఇరవై ముప్పై ఏళ్ళలోనే అది ఆపిల్ పండుకంటె చౌకగా దొరికే స్థితి వచ్చింది. బనానా పుడ్డింగ్ పుట్టింది ఆ రోజుల్లోనే.

దీని మూలరూపం "ట్రైఫిల్" అనే ఇంగ్లీషు వంటకం. స్పాంజి కేకు ముక్కలు, పండ్లు, కస్టర్డ్, మీగడ పొరలుగా వేసి చేసే ఆ వంటకంలో ఇతర పండ్ల స్థానంలో అరటి చేరింది. 1888లో "గుడ్ హౌస్‌కీపింగ్" పత్రికలో వచ్చిన బనానా పుడ్డింగ్ విధానంలో స్పాంజి కేకు, అరటిపండు, కస్టర్డ్ ఉన్నాయి, బిస్కట్లు లేవు. ఆ పత్రిక దక్షిణాదిది కాదు, ఉత్తరాది రాష్ట్రమైన మసాచుసెట్స్‌లో మొదలైనది. అంటే నేడు దక్షిణాది సంప్రదాయానికి గుర్తుగా భావించే ఈ వంటకం తొలి రోజులలో ఏ ఒక్క ప్రాంతానికీ చెందినది కాదు. కేకు బదులు వెనిల్లా బిస్కట్లు వాడే విధానం 1921లో ఇల్లినాయి రాష్ట్రంలోని బ్లూమింగ్టన్ పట్టణపు దినపత్రికలో కనిపిస్తుంది. ఇల్లినాయి కూడా దక్షిణాది కాదు. నేషనల్ బిస్కట్ కంపెనీ (నబిస్కో) 1940లలో తన వెనిల్లా వేఫర్ల పెట్టెపై ఈ వంటకం తయారీని ముద్రించడంతో బిస్కట్ల పద్ధతి దేశమంతటా స్థిరపడింది. ఒక వంటకం అమ్మమ్మల నుండి మనవరాళ్ళకు నోటిమాటగా వచ్చిందని చెప్పుకుంటున్న చోట కూడా, ఆ అమ్మమ్మ ముందు ఒక బిస్కట్ల పెట్టె ఉండి ఉండడానికి అవకాశం ఎక్కువ.

దక్షిణాదితో ముడి ఎలా పడిందన్న దానికి ఒకే కారణం చెప్పడం కష్టం. న్యూ ఆర్లియన్స్, మోబీల్ రేవులలో మధ్య అమెరికా అరటి విరివిగా దిగుమతి అయ్యేది. న్యూ ఆర్లియన్స్ నుండి ఉత్తరానికి పోయే అరటి రైళ్ళు కెంటకీ, టెనెసీ సరిహద్దులోని ఫుల్టన్ పట్టణంలో ఆగి మంచుగడ్డలు నింపుకొనేవి. ఆ కారణంగా ఫుల్టన్‌లో 1960లలో అరటి ఉత్సవం మొదలైంది. ఒక టన్ను బరువు గల బనానా పుడ్డింగ్ తయారుచేసి జనానికి పంచడం ఆ ఉత్సవంలో ప్రధాన ఆకర్షణ. పొయ్యి దగ్గర కొద్దిసేపు నిలబడితే చాలు, ఒక పెద్ద పళ్ళెం నిండా తయారయి ఇరవైమందికి సరిపోతుంది. సామూహిక భోజనాలు ఎక్కువగా ఉండే సమాజంలో ఇటువంటి వంటకం నిలదొక్కుకోవడం సహజం.

చౌక వెనుక

ఈ వంటకాన్ని సామాన్యుల వంటకంగా మార్చినది అరటిపండు చౌకదనం. ఆ చౌకకు మూల్యం చెల్లించినవారు వేరు. 1899లో ఏర్పడిన యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ కరీబియన్ తీరంలోను, మధ్య అమెరికాలోను విస్తారమైన భూములు, రైలు మార్గాలు, రేవులు చేజిక్కించుకొన్నది. 1928 డిసెంబరులో కొలంబియాలోని సియెనగా పట్టణంలో ఆ కంపెనీ తోటల కార్మికుల సమ్మెను అణచడానికి సైన్యం కాల్పులు జరిపింది. మృతుల సంఖ్య నేటికీ వివాదాస్పదమే. గ్వాటెమాలాలో కంపెనీ సాగుచేయకుండా ఉంచిన భూములను భూసంస్కరణ క్రింద స్వాధీనం చేసుకొన్న జకోబో అర్బెంజ్ ప్రభుత్వం 1954లో అమెరికా గూఢచార సంస్థ మద్దతు గల తిరుగుబాటులో కూలిపోయింది. వంటల పుస్తకాలు ఈ సంగతి ప్రస్తావించవు.

పండు కూడా మారింది. 1950ల వరకు అమెరికాకు ఎగుమతి అయినది గ్రో మిషెల్ అనే రకం. పనామా తెగులు అనే శిలీంధ్ర వ్యాధి వలన ఆ తోటలు నాశనమై, 1960ల నాటికి దాని స్థానంలో కావెండిష్ రకం వచ్చింది. కనుక 1888 నాటి విధానాన్ని తు.చ. తప్పకుండా పాటించినా ఆనాటి రుచి రాదు. ఇప్పుడు అదే తెగులులోని మరొక జాతి కావెండిష్‌కు కూడా సోకుతున్నది. 2019లో కొలంబియాలో దానిని గుర్తించారు.

కావలసిన పదార్థాలు

ఆరు నుండి ఎనిమిది మందికి అర లీటరు చిక్కని పాలు, మూడు గుడ్లు, 100 గ్రాముల పంచదార, 40 గ్రాముల మైదా, చిటికెడు ఉప్పు, 20 గ్రాముల వెన్న, ఒక చెంచా వెనిల్లా సారం, నాలుగైదు అరటిపండ్లు, సుమారు 45 వెనిల్లా బిస్కట్లు సరిపోతాయి. నురుగు కోసం మరొక 60 గ్రాముల పంచదార విడిగా ఉంచుకోవాలి. గుడ్ల పచ్చసొన కస్టర్డ్‌కు, తెల్లసొన నురుగుకు వినియోగమవుతాయి. ఏదీ వృథా కాకపోవడం పాత పద్ధతిలోని సౌలభ్యం.

అమెరికాలో "వెనిల్లా వేఫర్" అన్నప్పుడు మన దేశంలో దొరికే, మధ్య క్రీము ఉండే పలుచని జాలీ గడుల వేఫర్ అని పొరబడరాదు. అది రూపాయి బిళ్ళకంటె కొంచెం పెద్దదిగా, గుండ్రంగా, మధ్యలో ఉబ్బి ఉండే కరకరలాడే బిస్కట్. లోపల గుల్లగా ఉండడం వలన తేమను త్వరగా పీల్చుకొంటుంది. అది దొరకనిచోట గట్టి బిస్కట్లకంటె 1888 నాటివలె స్పాంజి కేకు ముక్కలు వాడడమే మేలు.

అరటిపండు ఎంత పండినదన్నది ముఖ్యం. పచ్చికాయలో సుమారు ఐదోవంతు ఉండే పిండి పదార్థం పండేకొద్దీ చక్కెరగా మారుతుంది. తొక్క పూర్తిగా పసుపురంగుకు తిరిగి, అక్కడక్కడ గోధుమరంగు చుక్కలు వేసిన పండు దీనికి తగినది. ఆకుపచ్చ అంచులు ఉన్న పండు వగరుగా ఉంటుంది. బాగా మాగి నల్లబడిన పండు కస్టర్డ్‌లో కరిగి దానిని పలుచన చేస్తుంది.

కస్టర్డ్ కాచే విధానం

అడుగు మందంగా ఉన్న గిన్నెలో పంచదార, మైదా, ఉప్పు పొడిగానే బాగా కలపాలి. పంచదార రేణువులు మైదా రేణువులను విడదీయడం వలన తరువాత ఉండలు కట్టవు. ఇందులో చల్లని పాలు కొద్దికొద్దిగా పోస్తూ కలిపి, మధ్యరకం సెగపై పెట్టి, గరిటె అడుగుకు తగిలేలా ఆపకుండా కలుపుతూ ఉండాలి. పాలు వేడెక్కి చిక్కబడడం మొదలైన తరువాత వేరొక గిన్నెలో పచ్చసొనలను గిలక్కొట్టి, అందులో ఒక గరిటెడు వేడి పాల మిశ్రమం సన్నని ధారగా పోస్తూ కలపాలి. ఇలా రెండు మూడు గరిటెలు కలిపి, ఆ మొత్తాన్ని తిరిగి పెద్ద గిన్నెలో పోయాలి. పచ్చసొనను ఒక్కసారిగా వేడి పాలలో వేస్తే అది ఉడికి, పలుకులు పలుకులుగా విడిపోతుంది.

ఇక్కడే ఎక్కువమంది పొరపాటు చేస్తారు. గుడ్డు విరిగిపోతుందన్న భయంతో మిశ్రమం చిక్కబడగానే దింపివేస్తారు. పిండి లేని కస్టర్డ్ విషయంలో ఆ భయం సబబే. అది సుమారు 85 డిగ్రీల సెల్సియస్ దాటితే విరిగిపోతుంది. కాని పిండి కలిపిన కస్టర్డ్ స్వభావం వేరు. ఉబ్బిన పిండి రేణువులు గుడ్డులోని మాంసకృత్తులు ఒకదానితో ఒకటి గట్టిగా అతుక్కోకుండా అడ్డుపడతాయి. అందువలన దీనిని మరిగించవచ్చు. మరిగించవచ్చు అనడంకంటె, మరిగించి తీరాలి అనడం సరైనది.

కారణమేమంటే పచ్చసొనలో ఆల్ఫా ఎమైలేజ్ అనే ఎంజైము ఉంటుంది. పిండి పదార్థాన్ని విడగొట్టి చక్కెరలుగా మార్చడం దాని పని. మన లాలాజలంలో ఉండేది కూడా ఇటువంటి ఎంజైమే. మరిగే వేడికి దగ్గరగా తీసుకుపోతే తప్ప అది పూర్తిగా నశించదు. తక్కువ వేడిలో దింపిన కస్టర్డ్ ఆ పూటకు చక్కగా చిక్కగా కనిపిస్తుంది. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్న తరువాత చూస్తే పాలవలె పలుచబడి ఉంటుంది. ఎంజైము రాత్రంతా పిండి జిగురును కోసివేయడమే దీనికి కారణం. పండు నీరు వదిలిందనో, బిస్కట్లు మంచివి కావనో అనుకొని, మరుసటిసారి మైదా పెంచేవారు ఉన్నారు. దానివలన కస్టర్డ్ మైదా ముద్దలా మారుతుందే గాని దోషం పోదు. పచ్చసొన కలిపిన తరువాత గిన్నె మధ్యలో పెద్ద బుడగలు లేచి "టప్" మని పగలడం మొదలయ్యేవరకు కాచి, ఆపై సన్నని సెగమీద ఒకటి రెండు నిమిషాలు ఆపకుండా కలపాలి. మైదాలోని పచ్చి వాసన పోవడానికి కూడా ఈ సమయం అవసరం.

గరిటె వెనుక పరచుకొన్న కస్టర్డ్‌పై వేలితో గీత గీస్తే ఆ గీత కలిసిపోకుండా నిలవాలి. దింపిన తరువాత వెన్న, వెనిల్లా సారం కలపాలి. వెనిల్లా సువాసన వేడికి ఆవిరైపోతుంది గనుక పొయ్యిమీద ఉండగా వేయరు. ఉండలు కనిపిస్తే సంకోచించకుండా జల్లెడ పట్టడం మంచిది.

పొరలు పేర్చడం

కస్టర్డ్ వేడిగా ఉండగానే పేర్చాలి. ముందుగా పాత్ర అడుగున కొద్దిగా కస్టర్డ్ పూసి, దానిపై బిస్కట్లు, వాటిపై అర సెంటీమీటరు మందాన కోసిన అరటి చక్రాలు, ఆపైన కస్టర్డ్ - ఈ వరుసలో రెండు మూడు మార్లు వేస్తారు. చివరి పొర కస్టర్డ్ కావాలి. కోసిన అరటిపండు నల్లబడడానికి కారణం అందులోని ఒక ఎంజైము గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పనిచేయడం. కస్టర్డ్ పూర్తిగా కప్పిన ముక్కలకు గాలి తగలదు, నల్లబడవు. బయటకు పొడుచుకువచ్చిన ముక్కలే నల్లబడతాయి. పండును పేర్చే ముందు మాత్రమే కోయడం, అవసరమనుకొంటే నాలుగు చుక్కల నిమ్మరసం చల్లడం వాడుకలో ఉన్న జాగ్రత్తలు.

బిస్కట్లు మెత్తబడడం దోషం కాదు, అదే ఉద్దేశం. నాలుగైదు గంటలకు అవి కస్టర్డ్‌లోని తేమను పీల్చుకొని కేకువలె మారతాయి, అరటి సువాసన పాత్రంతా వ్యాపిస్తుంది. అందుకే దీనిని ముందురోజు చేసి మరునాడు వడ్డించడం ఆనవాయితీ. కస్టర్డ్ సరిగా మరగకపోతే బయటపడేది కూడా అప్పుడే.

పైపొర

తెల్లసొనను పంచదారతో గిలక్కొట్టి చేసే నురుగును మెరింగ్ అంటారు. గిన్నెలో గాని, తెల్లసొనలో గాని పచ్చసొన, జిడ్డు ఏ మాత్రం ఉన్నా నురుగు లేవదు. తెల్లసొన మెత్తని నురుగుగా లేచిన తరువాత పంచదారను చెంచా చొప్పున వేస్తూ, నిగనిగలాడుతూ కొనలు నిలబడేవరకు గిలక్కొట్టాలి. దీనిని వేడి కస్టర్డ్‌పై పరచి, పాత్ర అంచులకు తగిలేలా అద్ది, 180 డిగ్రీల సెల్సియస్ వద్ద ఓవెన్‌లో పన్నెండు నుండి పదిహేను నిమిషాలు, కొనలు గోధుమరంగు వచ్చేవరకు ఉంచుతారు.

అడుగున కస్టర్డ్ చల్లారిపోయి ఉంటే నురుగు పైన మాత్రమే ఉడికి క్రిందిభాగం పచ్చిగా మిగిలి, దాని నుండి నీరు ఊరుతుంది. మరీ ఎక్కువసేపు ఉంచితే పైన తేనెచుక్కల వంటి బిందువులు తేలతాయి. అంచులకు అద్దకపోతే చల్లారేటప్పుడు నురుగు ముడుచుకుపోయి మధ్యలో ద్వీపంలా మిగులుతుంది. ఓవెన్ లేనివారు నురుగుకు బదులు గిలక్కొట్టిన మీగడ వేస్తారు. అప్పుడు మాత్రం కస్టర్డ్ పూర్తిగా చల్లారి ఉండాలి. నురుగే అసలైనదని, మీగడే రుచికరమని అమెరికా దక్షిణాదిలో వాదులాటలు ఉన్నాయి. 1888 నాటి విధానంలో ఉన్నది మీగడే అన్నది నురుగు పక్షంవారికి అంతగా రుచించని వాస్తవం.

నిలవ

పాలు, గుడ్లు ఉన్న వంటకం గనుక దీనిని రెండు గంటలకంటె ఎక్కువసేపు బయట ఉంచరాదు. వేసవి విందులలో ఇది ముఖ్యం. తెల్లసొన సరిగా ఉడకకపోతే సాల్మొనెల్లా సూక్ష్మజీవుల వలన వ్యాధి వచ్చే ప్రమాదం ఉంది. గుడ్డు వంటకాలు లోపల 71 డిగ్రీల సెల్సియస్ వేడికి చేరాలని అమెరికా ఆహార భద్రతా సూచనలు చెబుతాయి. గర్భిణులకు, పసిపిల్లలకు, వృద్ధులకు పెట్టేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. ఫ్రిజ్‌లో మూడు రోజులవరకు నిలవ ఉంటుంది గాని రెండవ రోజు తరువాత అరటి ముక్కలు రంగు మారతాయి.

ఇతర విధానాలు

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత, చల్లని పాలలో కలిపితే చిక్కబడే తక్షణ పుడ్డింగ్ పొడులు వచ్చాయి. 1966లో కూల్ విప్ అనే సిద్ధపు మీగడ ప్రత్యామ్నాయం బజారులోకి వచ్చింది. ఈ రెండింటితో పొయ్యి వెలిగించకుండానే బనానా పుడ్డింగ్ చేయడం సాధ్యమైంది. న్యూయార్క్‌లో 1996లో ప్రారంభమైన మాగ్నోలియా బేకరీ వలన ప్రసిద్ధికెక్కిన రకం కూడా తక్షణ పొడి, తీపి గట్టిపాలు, మీగడలతో చేసేదే. అది తేలికగా, మీగడ రుచితో ఉంటుంది. కాచిన కస్టర్డ్‌లోని గుడ్డు చిక్కదనం దానిలో ఉండదు.

తెలుగువారి వంటిళ్ళలో

టెక్సస్, జార్జియా, నార్త్ కరోలినా వంటి దక్షిణాది రాష్ట్రాలలో తెలుగువారు గణనీయంగా స్థిరపడ్డారు. గుడ్డు తినని కుటుంబాలకు అనువుగా, పచ్చసొన మానివేసి అర లీటరు పాలకు 40 గ్రాముల మొక్కజొన్న పిండితో గాని, అంతే కస్టర్డ్ పొడితో గాని దీనిని చేయవచ్చు. గుడ్డు లేదు గనుక ఎంజైము బెడద ఉండదు. పాలు చిక్కబడి ఒక పొంగు వస్తే సరిపోతుంది.

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో దొరికే అరటి రకాలలో పెద్ద పచ్చ అరటి కావెండిష్ జాతిదే గనుక అమెరికాలోని రుచికి అదే దగ్గర. అమృతపాణి సువాసనలో దానికంటె మిన్న, కాని మెత్తన గనుక చక్రాలు మందంగా కోయాలి. కొద్దిగా పులుపు ఉండే కర్పూర చక్రకేళి కస్టర్డ్ తీపిని తగ్గిస్తుంది. కొందరికి నచ్చేది అదే. పాలు, అరటిపండు కలిపి తినడాన్ని ఆయుర్వేదం విరుద్ధాహారంగా పరిగణిస్తుంది. అయితే పూజలలో పంచామృతంలోకి అరటిపండు ముక్కలు వేసే అలవాటు కూడా తెలుగు ఇళ్ళలో ఉన్నది.